ఎర్రమట్టి దిబ్బల ఎరుపు ఎక్కడ పోతోంది? రా ఫోటోలో కాంట్రాస్ట్‌కూ రంగుకూ ఉన్న లంకె

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలోని ఎర్రమట్టి దిబ్బలను ఫోటో తీసుకొచ్చిన వారిలో చాలామందిది ఒకటే ఫిర్యాదు. అక్కడ నిలబడి చూస్తే వాలు మీద వాన నీళ్లు కోసిన సన్నని చాళ్లు, తేమ ఉన్నచోట ముదురు ఎరుపు, ఎండిన చోట లేత కాషాయం, పగుళ్ల నీడల్లో వంగపండు ఛాయ, అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిస్తే అదంతా ఒకే నారింజ ముద్ద. కాంట్రాస్ట్ (వెలుగు నీడల తేడా) పెంచితే ముద్ద మరింత మండుతుంది కానీ చాళ్లు బయటపడవు. సాచురేషన్ (రంగు చిక్కదనం) తగ్గిస్తే మట్టి పాలిపోతుంది, పక్కనున్న తాటిచెట్ల పచ్చదనాన్నీ వెంట తీసుకుపోతుంది.

సెన్సర్ నమోదు చేసిన అంకెలను ఉన్నవి ఉన్నట్టు దాచిన ఫైలును రా ఫైలు అంటారు. దాన్ని సవరించడానికి లైట్‌రూమ్, డార్క్‌టేబుల్, రాథెరపీ, వీటిలో ఏ సాఫ్ట్‌వేర్ వాడినా కాంట్రాస్ట్ ఒకచోట, రంగు మరోచోట వేర్వేరు స్లైడర్లుగా ఉంటాయి. చూసేవారికి అవి రెండు వేర్వేరు పనులనిపిస్తుంది. లోపల అలాంటి గోడ లేదు. ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలుంటాయి. ఆ మూడూ మొత్తంగా ఎంత ఎత్తులో ఉన్నాయన్నది వెలుగు. వాటి మధ్య ఎంత ఎడం ఉందన్నది రంగు. కాంట్రాస్ట్ పెంచడమంటే అంకెల మధ్య ఎడం పెంచడమే కాబట్టి, దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ రంగును కూడా దాదాపుగా ముట్టుకున్నట్టే. ఈ ఒక్క విషయం మనసుకు పడితే రా ఎడిటింగ్‌లో సగం తికమక తీరుతుందని నా నమ్మకం.

ముందుగా రా ఫైలులో ఏముంటుందో చూద్దాం. సెన్సర్ మీది ఒక్కో గడి తన మీద ఎంత కాంతి పడిందో లెక్కపెట్టగలదు, ఆ కాంతి ఏ రంగుదో చెప్పలేదు. అందుకే ఒక్కో గడి ముందు ఒక్కో రంగు ఫిల్టర్ అమరుస్తారు. కోడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించగా 1976లో పేటెంట్ పొందిన అమరికే నేటికీ అత్యధిక కెమెరాల్లో ఉంది: గడుల్లో సగం ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. మన కన్ను సన్నని వెలుగు తేడాలను ఎక్కువగా ఆకుపచ్చ ప్రాంతపు కాంతితోనే పసిగడుతుంది కాబట్టి దానికి రెట్టింపు వాటా. ఒక్కో గడికి నేరుగా తెలిసేది ఒక్క రంగే. మిగతా రెండింటినీ చుట్టుపక్కల గడులను చూసి సాఫ్ట్‌వేర్ అంచనా వేస్తుంది. కాబట్టి రా ఫైలు తెరవగానే కనబడే బొమ్మ అప్పటికే ఒకరి తీర్పు. ఎంత కాంట్రాస్ట్, ఎలాంటి ఎరుపు అన్నది కెమెరా ప్రొఫైల్ పేరుతో ముందే తేల్చేశారు. స్లైడర్లన్నీ సున్నా దగ్గరున్నా సరే, లోపల ఒక కర్వ్ (ఏ అంకె ఏ అంకెగా మారాలో చెప్పే గీత) పనిచేస్తూనే ఉంటుంది.

ఇక అంకెల సంగతి. 14 బిట్ల రా ఫైలులో ఒక్కో గడికి 16,384 స్థాయిలుంటాయి, జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256. సెన్సర్ కాంతిని ఉన్నదున్నట్టు లెక్కిస్తుంది కాబట్టి కాంతి రెట్టింపైతే అంకె రెట్టింపవుతుంది. దాని ఫలితంగా అన్నిటికన్నా వెలుగైన ఒక్క స్టాపుకే (స్టాపు అంటే కాంతి రెట్టింపయ్యే ఒక మెట్టు) 8,192 స్థాయిలు దక్కుతాయి, దాని కింది స్టాపుకు 4,096, ఆ కింద 2,048. ఏడో స్టాపుకు దిగేసరికి మిగిలేవి 128. నీడలను బాగా పైకి లాగినప్పుడు అవి ఇసుక చల్లినట్టు కనిపించడానికి ఇంతకన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. కాంతి కణాలుగా వస్తుంది, ఆ రాకలో సహజంగానే హెచ్చుతగ్గులుంటాయి. ఒక గడిలో 10,000 కణాలు పడితే హెచ్చుతగ్గు సుమారు 100, అంటే ఒక శాతం. 100 కణాలే పడితే హెచ్చుతగ్గు 10, అంటే పది శాతం. నీడల్లో ఆ పది శాతం తేడానే నాయిస్‌గా కనిపిస్తుంది. ఏ స్లైడరూ దాన్ని పుట్టించదు, ఉన్నదాన్ని పెద్దది చేసి చూపిస్తుంది.

వైట్ బ్యాలెన్స్ అనేది ఈ అంకెల మీద చేసే మొదటి గుణకారం. మామూలు పగటి వెలుగులో సెన్సర్ ఆకుపచ్చను ఎక్కువగా, మిగతా రెండింటినీ తక్కువగా నమోదు చేస్తుంది. ఏ సవరణా లేకుండా రా అంకెలను తెర మీద పెడితే బొమ్మంతా ఆకుపచ్చగా ఉంటుంది. తెల్ల గోడ తెల్లగా కనబడాలంటే చాలా కెమెరాల్లో ఎరుపును రెండింతలకు అటూఇటూ, నీలాన్ని ఒకటిన్నర రెట్లకు అటూఇటూ పెంచాలి. పాత బల్బు వెలుగులో ఈ లెక్క తిరగబడుతుంది, నీలాన్ని బాగా పెంచాల్సి వస్తుంది. అలాంటి ఫోటోల నీడల్లో నీలి మచ్చలు తేలేది అందుకే. మిగతా సవరణలన్నీ ఈ గుణకారం తర్వాతి అంకెల మీదే నడుస్తాయి కాబట్టి వైట్ బ్యాలెన్స్‌ను ముందుగా తేల్చుకోవాలి. కాంట్రాస్ట్ పూర్తయ్యాక దాన్ని కదిపితే అంతవరకూ చేసిన పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

ఇప్పుడు దిబ్బల దగ్గరికి వద్దాం. ఆ ఎరుపు ఇసుక రేణువులకు పట్టిన ఇనుము ఆక్సైడ్ వల్ల వచ్చింది. అది నీలాన్ని, ఆకుపచ్చలో చాలా భాగాన్ని మింగేసి ఎరుపును వెనక్కి పంపుతుంది. సాయంత్రపు ఎండలో సూర్యుడి వెలుగులోనే నీలం తగ్గిపోయి ఉంటుంది కనుక ఎరుపు ఛానెల్, అంటే పిక్సెళ్లలోని ఎరుపు అంకెలు, మిగతా రెండింటికీ అందనంత ఎత్తుకు పోతుంది. కెమెరా వెనుక తెర మీది హిస్టోగ్రామ్‌లో (ఏ వెలుగులో ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే పటంలో) ఎరుపు గీత కుడి గోడకు గుద్దుకుని ఉంటే, సమాచారం పోయిందని చాలామంది ఆశ వదులుకుంటారు. ఆ హిస్టోగ్రామ్ రా ఫైలుది కాదు. కెమెరా తన లోపల తయారుచేసుకున్న జేపెగ్‌ది. అందులో వైట్ బ్యాలెన్స్ గుణకారం, కాంట్రాస్ట్ కర్వ్, సాచురేషన్ అన్నీ అప్పటికే కలిసిపోయి ఉంటాయి. సెన్సర్ దగ్గర ఎరుపు గడి తరచూ నిండి ఉండదు. రెండింతలు చేసినప్పుడు, ఆ తర్వాత తెరకు సరిపడే చిన్న రంగుల పరిధిలోకి కుదించినప్పుడు అది పైకప్పును తాకుతుంది. పోయిందనుకున్న చాళ్లు చాలాసార్లు ఫైలులో భద్రంగానే ఉంటాయి. వాటిని తుడిచేసేది మనం ఎంచుకునే సవరణ.

ఎలా తుడిచేస్తుందో అంకెల్లో చూడండి. దిబ్బ మీది ఒక పిక్సెల్ ఎరుపు 200, ఆకుపచ్చ 130, నీలం 90 అనుకుందాం. మధ్యలో ఉన్న 128 నుంచి ప్రతి అంకెనూ 1.3 రెట్లు దూరం జరిపే సాదా కాంట్రాస్ట్ వేస్తే ఎరుపు 222కు, ఆకుపచ్చ 131కి, నీలం 79కి వస్తాయి. అంతకుముందు ఎరుపుకూ నీలానికీ మధ్య ఎడం 110. ఇప్పుడు 143. సాచురేషన్ స్లైడర్‌ను వేలితో తాకకపోయినా రంగు చిక్కబడింది. ఇంకాస్త వెలుగైన పక్క పిక్సెల్ తీసుకుందాం: 250, 150, 80. అదే లెక్క ప్రకారం ఎరుపు 287కు చేరాలి, 255 దాటే వీల్లేదు కాబట్టి అక్కడే ఆగిపోతుంది. ఆకుపచ్చ 157కు పెరుగుతుంది, నీలం 66కు పడిపోతుంది. ఎరుపు ఆగిపోయి ఆకుపచ్చ మాత్రం ఎక్కుతోంది కనుక రంగు పసుపు వైపు జారింది. దిబ్బ వాలు మీద వేల పిక్సెళ్లు ఇలా 255 దగ్గర వరుసకట్టి నిలబడతాయి. చాళ్లను చూపించాల్సిన తేడా ఎరుపు ఛానెల్‌లో మాయమవుతుంది. మనకు కనిపించిన నారింజ ముద్ద ఇదే.

దీనికి విరుగుడు సాచురేషన్ తగ్గించడం ఒక్కటే కాదు. ముందు ఎక్స్‌పోజర్‌ను (ఫోటో మొత్తం వెలుగును) అర స్టాపో, ముప్పావు స్టాపో దించి ఎరుపుకు పైన కాస్త చోటివ్వాలి. ఘాటైన ప్రొఫైల్ నుంచి న్యూట్రల్ ప్రొఫైల్‌కు మారాలి. ఈ మార్పు ఒక్కటే చాలాసార్లు సగం చాళ్లను వెనక్కి తెస్తుంది, కానీ దాన్ని ప్రయత్నించేవారు తక్కువ. ఆ తర్వాత కాంట్రాస్ట్‌ను వెలుగు మీద మాత్రమే పనిచేసేలా వేయాలి. ఫోటోషాప్‌లో కర్వ్ పొరను లూమినాసిటీ మోడ్‌లో పెట్టడం, రాథెరపీలో ల్యాబ్ విభాగంలోని వెలుగు కర్వ్ వాడటం ఇందుకు దారులు. 1976లో అంతర్జాతీయ కాంతి సంఘం ప్రమాణంగా నిర్ణయించిన ల్యాబ్ పద్ధతిలో వెలుగుకు ఒక అంకె, రంగుకు రెండు అంకెలు విడిగా ఉంటాయి. వెలుగును సాగదీసినా రంగు అంకెలు కదలవు. అయితే దీనికీ ఓ లోపముంది. ముదురు చేసిన చోట రంగు మరీ ఎక్కువగా, వెలుగు చేసిన చోట వెలిసిపోయినట్టు అనిపిస్తుంది. అందుకే నేను మామూలు కర్వ్ కొంత, వెలుగు కర్వ్ కొంత కలిపి వాడతాను. మట్టి ఫోటోలకు వెలుగు కర్వ్ వైపే మొగ్గుతాను.

కాంట్రాస్ట్ గురించి చెప్పాల్సిన పెద్ద విషయం ఒకటి మిగిలింది. అది నెల జీతం లాంటిది: ఒక ఖర్చుకు ఎక్కువ పెడితే ఇంకో ఖర్చుకు కోత పడక తప్పదు. కర్వ్ ఒక మూల నుంచి ఎదుటి మూలకు పోయే గీత. దాని వాలు ఎక్కడ నిటారుగా ఉంటే అక్కడి తేడాలు పెద్దవవుతాయి. కింది మూల, పై మూల కదలవు కాబట్టి, ఒకచోట నిటారు చేస్తే మరోచోట అది చదును కావాల్సిందే. అందరూ వేసే ఎస్ ఆకారపు కర్వ్ మధ్య వెలుగులకు మేలు చేసి, నీడలనూ మెరుపులనూ అణచివేస్తుంది. ముఖ్యమైనది మధ్యలో ఉంటే అది మంచి బేరమే. లేకపోతే నష్టం.

కైలాసగిరి మీద నుంచి తీసిన ఫోటోకు అది నష్టపు బేరం. అక్కడ నిలబడి దక్షిణంగా చూస్తే బీచ్ రోడ్డు వంపు, ఊరు, దూరంగా డాల్ఫిన్ నోస్ కొండ. సముద్రపు తేమ, ఉప్పు కణాలు నిండిన గాలి ఆ దూరపు దృశ్యం మీద తన వెలుగును అదనంగా కలుపుతుంది. కొండ నీడలో నలుపుగా ఉండాల్సింది బూడిదగా లేస్తుంది. ఇక్కడ జరిగింది కూడిక, దానికి విరుగుడు తీసివేత. దూరపు కొండ, ఊరు, ఆకాశం అన్నీ హిస్టోగ్రామ్‌లో మధ్యకు కుడివైపున ఒక ఇరుకు గుంపుగా ఉంటాయి. ఉదాహరణకు 140కీ 190కీ మధ్య. మామూలు కాంట్రాస్ట్ 128 చుట్టూ తిరుగుతుంది కనుక ఆ గుంపు మొత్తాన్ని మరింత తెలుపు వైపు నెడుతుంది, దగ్గర్లోని చెట్లను నల్లగా చేస్తుంది. చేయాల్సిన పని వేరు. మాస్క్‌తో దూరపు భాగాన్ని ఎంచుకుని, కర్వ్‌లో సరిగ్గా ఆ ఇరుకు పట్టీని నిటారు చేయాలి. ఆ తేమ గాలి ముసుగులో నీలం ఎక్కువగా ఉంటే నీలం ఛానెల్ నలుపు బిందువును (ఏ అంకె సున్నా కావాలో చెప్పే చోటును) మిగతా రెండింటికన్నా కాస్త ఎక్కువగా లోపలికి జరపాలి. డీహేజ్ స్లైడర్ స్థూలంగా ఈ తీసివేతనే చేస్తుంది, సాచురేషన్‌ను కూడా పెంచేస్తుంది. ఒకటి మాత్రం చెప్పాలి: ముసుగు మొత్తం తీసేయకండి. డాల్ఫిన్ నోస్ ఎంత దూరంలో ఉందో కంటికి చెప్పేది అదే. పూర్తిగా శుభ్రం చేసిన కొండ ఊరి భవనాల వెనకాల అతికించినట్టు కనిపిస్తుంది.

మనుషుల చర్మం దగ్గర నాకు ఇంకా గట్టి అభిప్రాయాలున్నాయి. చేపల రేవులో తెల్లవారుజామున బుట్టలు సర్దుకునే ఆడవాళ్లను, వలలు లాగే జాలర్లను తీసిన ఫోటోల్లో ముఖాలను తెల్లబరచడం అలవాటుగా మారింది. ఆరెంజ్ రంగు వెలుగు స్లైడర్‌ను కుడికి లాగితే ఎవరైనా క్షణంలో రెండు ఛాయలు తెల్లబడతారు. మెరిసే సముద్రం ముందు కెమెరా ముఖాన్ని చీకటి చేస్తే ఎక్స్‌పోజర్ పెంచి ఆ పొరపాటును దిద్దడం న్యాయం. ఆ మనిషి రంగునే మార్చడం వేరే పని. పైగా సాంకేతికంగానూ అది ఫోటోను చెడగొడుతుంది. నల్లని చర్మం మీద ముఖ నిర్మాణం కనబడేది చెక్కిలి ఎముక మీద, నుదుటి మీద, ముక్కు దూలం మీద పడే మెరుపుల వల్ల. ఆ మెరుపుకూ చుట్టూ ఉన్న ముదురు రంగుకూ మధ్య తేడాయే ముఖానికి లోతునిస్తుంది. ముదురును పైకి లేపితే తేడా చచ్చిపోయి ముఖం చదునవుతుంది. ఆ స్లైడరే పడవ చెక్కనూ, వెనకున్న తుప్పు రంగునూ కూడా వెలిసిపోయేలా చేస్తుంది. దశాబ్దాలపాటు ఫోటో ప్రయోగశాలలకు కోడాక్ పంపిన షర్లీ కార్డుల్లో (రంగులు సరిచూసుకునే నమూనా ఫోటోల్లో) తెల్లజాతి స్త్రీ చర్మమే రంగుకు కొలబద్దగా ఉండేది. ఇప్పుడు కొలబద్ద మన చేతిలో ఉంది. చర్మానికి నేను చూసుకునే క్రమం సులభం: ఎరుపు అన్నిటికన్నా ఎక్కువ, తర్వాత ఆకుపచ్చ, తర్వాత నీలం. ఆకుపచ్చ ఎరుపుకు మరీ దగ్గరగా వస్తే ముఖం జబ్బుపడినట్టు పసుపుగా, నీలానికి మరీ దగ్గరైతే గులాబీ పూసినట్టు ఉంటుంది.

రేవులో ఆ వేళ ఇంకో చిక్కుంది. ఆకాశం నుంచి దిగే ఉదయపు నీలి వెలుగు, వెలుగు రంగును కొలిచే కెల్విన్లలో, 10,000 దాటుతుంది, స్తంభాల మీది ఎల్ఈడీల వెలుగు అందులో సగం దగ్గర ఉంటుంది. ఒక్క వైట్ బ్యాలెన్స్ రెండింటినీ తెల్లగా చేయలేదు. ముఖాలు ఏ వెలుగులో ఉన్నాయో దానికి బ్యాలెన్స్ చేసి, రెండోదాన్ని కొంత నీలంగానో, కొంత పసుపుగానో వదిలేయడం మేలు. రెండింటినీ మాస్కులతో తటస్థం చేస్తే అది ఏ వేళ తీసిన ఫోటోయో చెప్పే ఆధారం చెరిగిపోతుంది. పాత ఫైళ్లున్నవారికి ఇంకొక మాట. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చాక విశాఖ వీధి దీపాలను ఎల్ఈడీలకు మార్చారు. అంతకుముందు సోడియం దీపాల కింద తీసిన ఫోటోల్లో నీలం దాదాపు లేదు. ఆ దీపాల కాంతి ఎక్కువగా పసుపు ప్రాంతంలోనే ఉంటుంది. లేని నీలాన్ని వైట్ బ్యాలెన్స్ ఎంత గుణించినా వచ్చేది నాయిసే. వాటిని పసుపుగా ఉంచండి, లేదా నలుపు తెలుపులోకి మార్చండి.

రంగు గురించి సాఫ్ట్‌వేర్ చెప్పలేనిది ఒకటుంది. పారిస్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకం పనులు చూసిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రల్‌కు, నల్ల దారపు నలుపు చిక్కగా లేదని ఫిర్యాదు అందింది. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు, పక్కనున్న రంగులే ఆ నలుపును మార్చి చూపిస్తున్నాయి. 1839లో ఆయన ఈ పరిశీలనను పుస్తకంగా వెలువరించారు. దిబ్బల ఫోటోకు ఇది నేరుగా పనికొస్తుంది. వాటి వెనక సముద్రమో ఆకాశమో ఫ్రేములో ఉంటే, ఆ నీలాన్ని ఆకుపచ్చ వైపు కాస్త జరిపి, వెలుగు కొంచెం తగ్గించండి. మట్టిని ముట్టుకోకుండానే ఎరుపు చిక్కబడినట్టు కనిపిస్తుంది. అప్పటికే పైకప్పు దగ్గరున్న ఎరుపు ఛానెల్‌కు ఇలాంటి సాయమే కావాలి. సాచురేషన్ అన్ని రంగులనూ ఒకే తీరుగా పెంచుతుంది. వైబ్రెన్స్ ఇప్పటికే చిక్కగా ఉన్నవాటిని, చర్మం రంగును కొంత వదిలి పాలిపోయిన వాటి మీద ఎక్కువ పనిచేస్తుంది. దిబ్బల ఫోటోలో సాచురేషన్‌ను మైనస్ ఐదు, వైబ్రెన్స్‌ను ప్లస్ పది దగ్గర పెట్టి చూడండి. మట్టి నెమ్మదిస్తుంది, ఆకాశం మేలుకుంటుంది.

మానిటర్ విషయం క్లుప్తంగా చెబుతాను. చీకటి గదిలో పూర్తి వెలుగుతో ఉన్న మానిటర్ మీద సవరించిన ఫోటో అచ్చులో నల్లగా వస్తుంది, ఎందుకంటే తెర వెలుగే మనకు ఫోటో వెలుగుగా తోచింది. తెర వెలుగును చదరపు మీటరుకు 100 నుంచి 120 కాండెలాల దగ్గర, తెలుపును 6,500 కెల్విన్ల దగ్గర ఉంచి, వీలైతే క్యాలిబ్రేషన్ పరికరంతో సరిచేసుకోవాలి. కన్ను ఏ రంగుకైనా నిమిషాల్లో అలవాటు పడుతుంది కాబట్టి మధ్యలో లేచి కిటికీ బయటకు చూసి రావడం పరికరం కన్నా తక్కువేమీ కాదు.

చివరిగా ఫైలు బయటికి తీసే దశ. రా సాఫ్ట్‌వేర్ లోపల పెద్ద రంగుల పరిధిలో పనిచేస్తుంది. మనం పంపేది ఎక్కువగా 1996లో హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించిన ఎస్ఆర్‌జీబీ పరిధిలోకి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరి పసుపు కుంకుమలు, పూర్ణా మార్కెట్‌లోని బంతి పూల గుట్టలు, ఎండలో దిబ్బలు, వీటిలోని అతి చిక్కని రంగులు ఆ పరిధి అంచున, కొన్నిసార్లు దాని బయట ఉంటాయి. బయట ఉన్నవన్నీ అంచు మీదికి చేరి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. సాఫ్ట్ ప్రూఫ్ తెరిచి ఎస్ఆర్‌జీబీ ఎంచుకుంటే ఏ రేకులు, ఏ చాళ్లు అలా కలిసిపోతున్నాయో ముందే కనబడుతుంది. అక్కడ మొత్తం ఫోటో సాచురేషన్‌ను తగ్గించకండి. ఒక్కో రంగును విడిగా సవరించే హెచ్ఎస్ఎల్ విభాగంలో ఆ ఒక్క రంగు వెలుగును ఐదు నుంచి పది పాయింట్లు కిందికి దించండి. ఎరుపు 255 నుంచి 240ల్లోకి దిగగానే చాళ్ల మధ్య తేడా మళ్లీ లెక్కలోకి వస్తుంది. మ్యాట్ కాగితం మీద ముద్రిస్తే దాని పరిధి ఇంకా చిన్నది కాబట్టి, ముద్రించే ల్యాబ్ వారు ఇచ్చిన ప్రొఫైల్‌తో ఇదే పని మరోసారి చేసి, ఆ ఫైలును వేరే పేరుతో దాచుకోండి.